వైరు బ్రేకా... ఆయిల్ బ్రేకా?

తెల్లవారి ఆరున్నర. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. మోకిల నుంచి కోకాపేట వైపు వచ్చే శంకర్‌పల్లి రోడ్డు మీద టిప్పర్లు వరస కట్టాయి. రోడ్డుకు రెండు పక్కలా విల్లాలు లేస్తున్నాయి కాబట్టి కంకర, ఇసుక, ఎర్రమట్టి మోసే బండ్లకు పొద్దూ మాపూ తేడా లేదు. వాటి చక్రాల నుంచి రాలిన మట్టి వానకు తడిసి తారు మీద పల్చటి పూతలా పరచుకుంది. ఆ పూత మీద ఓ ఉద్యోగి సైకిల్ తొక్కుకుంటూ ఆఫీసుకు వెళుతున్నాడనుకోండి. తలకు హెల్మెట్ ఉంది. సీటు వెనక ఎర్రలైటు మినుకుమంటోంది. ముందు వెళుతున్న ట్రాలీ ఆటో ఉన్నట్టుండి ఆగింది. గాభరాగా రెండు బ్రేకులూ నొక్కాడు.

ఆ తర్వాత ఏమవుతుందన్నది మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. రోడ్డు, టైరు, బ్రేకు. రోడ్డు ఎవరి చేతిలోనూ లేదు. టైరు అరిగిందో లేదో చూసుకోవడం మన చేతిలో పనే. బ్రేకు మాత్రం సైకిల్ కొన్న రోజునే మనం ఎంచుకున్నది. దుకాణంలో రంగు చూశాం, గేర్లు ఎన్నో లెక్కపెట్టాం. చక్రం మధ్యలో మెరుస్తున్న పళ్లెం లాంటిది చూసి 'డిస్కు బ్రేకే కదా' అనుకుని డబ్బు కట్టేశాం. ఆ డిస్కును పట్టుకునేది ఇనుప వైరా, నూనెా అన్నది అడగలేదు.

అడగాల్సిన ప్రశ్నే అది. ఎందుకంటే నగరం అంచున ఉన్న ఈ పల్లెల్లో సైకిల్ మళ్లీ వచ్చింది. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ మోకిలలో ప్లాట్లు వేలం వేసినప్పుడు ఊరి పేరు రాష్ట్రమంతా వినిపించింది. అదే ఏడాది అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట మొదలైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. ఎండా వానా తగలవు. కానీ మోకిల, జన్వాడ, కొండకల్ వైపు నుంచి ఆ బాట దాకా చేరాలంటే మామూలు రోడ్డే గతి. కప్పు కింద తొక్కేవాడికి ఏ బ్రేకైనా ఒకటే. కప్పు దాకా వచ్చేవాడికి కాదు.

పక్కనే ఉన్న చేవెళ్ల దారి సంగతి చెప్పనే అక్కర్లేదు. మొయినాబాద్ దాటాక రెండు వైపులా మర్రిచెట్లు గొడుగు పట్టిన ఆ బీజాపూర్ రోడ్డంటే ఆదివారం సైకిళ్ల వాళ్లకు ప్రాణం. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయింది కూడా ఆ దారిలోనే. అంతటి ప్రమాదాన్ని సైకిల్ బ్రేకు ఆపుతుందని ఎవరూ అనరు. అలాంటి బండ్ల మధ్య తిరిగే మనిషికి తన బండి ఎక్కడ ఆగుతుందో కచ్చితంగా తెలిసి ఉండాలన్నదే ఇక్కడ మాట.

చెప్పు బ్రేకు రోజులు

అద్దె సైకిళ్ల కాలం గుర్తున్న వాళ్లకు ఈ డిస్కుల గొడవ విడ్డూరంగానే ఉంటుంది. గంటకు ఇంతని ఇచ్చి 'సైకిల్ టాక్సీ'లో తెచ్చుకున్న సైకిల్‌కు రాడ్ బ్రేకులుండేవి. పిడి నొక్కితే చువ్వలు కదిలి, రబ్బరు ముక్కలు రింగును లోపలి వైపు నుంచి పట్టుకునేవి. పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేదు. అప్పుడు కాలి చెప్పు ఉండనే ఉంది. వెనక టైరుకు మడమ ఆనించి ఆపిన వాళ్లు, ముందు చక్రానికి చెప్పు అడ్డం పెట్టి ముందుకు పడ్డ వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అట్లాస్, హీరో, హెర్క్యులిస్ సైకిళ్ల మీద పాలక్యాన్లు, గడ్డిమోపులు, భార్యాబిడ్డలు, అన్నీ అలాగే నడిచాయి. (అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే కావడం ఓ వింత.)

అప్పుడు నడిచింది కదా అంటే, వేగం తక్కువ, రోడ్డు మీద బండ్లు తక్కువ. ఇప్పుడు గేర్ల సైకిల్ మీద కాస్త అలవాటున్న మనిషి గంటకు పాతిక కిలోమీటర్ల వేగం తేలిగ్గా అందుకుంటాడు. పాతికలో పోతున్నప్పుడు సెకనుకు 7 మీటర్లు కదులుతాం. ముందున్న ప్రమాదం కంటపడి, బుర్రకెక్కి, వేళ్లు బ్రేకు మీద బిగిసేసరికే ఓ సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు ఇంకా పని మొదలుపెట్టకముందే 7 మీటర్లు ఖర్చు. తర్వాత పొడి రోడ్డు మీద మంచి బ్రేకు గట్టిగా పడితే మరో 5 మీటర్లలో ఆగవచ్చు. తడి రోడ్డు మీద అది 8 మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే అరగదీయాల్సిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఇది చిన్నప్పుడు ఫిజిక్సులో అందరూ చదివిందే. పరీక్ష అయిపోయాక మరచిపోయిందీ ఇదే.

రింగును పట్టే బ్రేకులకు వానంటే గండం. తడిసిన రింగు మీద రబ్బరు జారుతుంది. ముందు నీటిపొర తుడుచుకోవాలి, తర్వాతే పట్టు దొరుకుతుంది. మెరిసే స్టీలు రింగైతే మరీ అన్యాయం. అల్యూమినియం కాస్త నయం. చక్రం రెండు చుట్లు తిరిగితేగానీ పట్టు దొరకదనుకుంటే, పెద్ద చక్రం ఒక చుట్టుకు 2 మీటర్ల పైచిలుకు నడుస్తుంది కాబట్టి నాలుగు మీటర్లు గాల్లో కలిసిపోయినట్టే. ఆ నాలుగు మీటర్లలోనే ట్రాలీ ఆటో ఉంది.

డిస్కు నేలకు ఎత్తులో, ఇరుసు దగ్గర ఉంటుంది. నీళ్లూ బురదా అంతగా చేరవు. చేరినా పళ్లేనికి ఉన్న చిల్లులు, ప్యాడ్ల ఒత్తిడి కలిసి వెంటనే తుడిచేస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. రింగు బ్రేకు వాడేకొద్దీ రింగే అరుగుతుంది. ఇక్కడ అరిగేది ఓ చిన్న పళ్లెం. రింగు కాస్త వంకర తిరిగినా బ్రేకుకు పట్టింపు లేదు. గుంతలున్న దారుల్లో ఇది చిన్న సంగతేమీ కాదు.

అసలు తేడా ఎక్కడ?

ఒక చిన్న లెక్క చూస్తే రెండు రకాల కథా తెలిసిపోతుంది. రింగు అంటే నిజానికి ఓ పెద్ద డిస్కే. దాని వ్యాసం 60 సెంటీమీటర్ల పైన. మామూలు సైకిల్ డిస్కు 16 సెంటీమీటర్లు. తలుపును గడియ దగ్గర ఆపడం తేలిక, బందుల దగ్గర ఆపడం కష్టం కదా. అలాగే ఇరుసుకు దగ్గరగా ఉన్న చిన్న డిస్కును పట్టి చక్రాన్ని ఆపాలంటే, రింగు దగ్గర కావలసిన బలానికి సుమారు నాలుగు రెట్లు నొక్కాలి. నొక్కేది మాత్రం అవే వేళ్లు. మరి ఆ నాలుగు రెట్ల బలం ఎక్కడి నుంచి తేవాలి?

వైరు బ్రేకు మీట సూత్రంతో తెస్తుంది. హ్యాండిల్ మీద పిడి నొక్కితే తొడుగులో ఉన్న ఉక్కు వైరు సాగి, డిస్కు దగ్గర ఉన్న చిన్న చేతిని లాగుతుంది. ఆ చెయ్యి తిరిగి ప్యాడును డిస్కు మీదికి నెడుతుంది. చవక రకాల్లో కదిలేది ఒక్క ప్యాడే. అవతలిది కదలకుండా కూర్చుని ఉంటుంది. కదిలే ప్యాడు పల్చటి పళ్లేన్ని కాస్త వంచి, అవతలి ప్యాడు మీదికి తోసి పట్టిస్తుంది. మంచి రకాల్లో రెండు ప్యాడ్లూ రెండు వైపుల నుంచీ వచ్చి కౌగిలిస్తాయి. కొనేటప్పుడు పిడి మెల్లగా నొక్కి, డిస్కు పక్కకు వంగుతోందా లేదా అని వంగి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. దీనికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు.

ఆయిల్ బ్రేకుది వేరే దారి. మూసిన గొట్టంలో ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన పాస్కల్ చెప్పాడు. పిడి దగ్గర సన్నటి పిస్టన్, డిస్కు దగ్గర లావు పిస్టన్లు పెట్టారు. వ్యాసం రెట్టింపు ఉంటే వైశాల్యం నాలుగు రెట్లు, బలమూ నాలుగు రెట్లు. నూనె నలగదు, సాగదు, తొడుగుకు రాసుకుని తుప్పు పట్టదు. అందుకే ఒక్క వేలితో ఆపొచ్చు. ఎంత నొక్కితే అంతే పడుతుంది. సగం నొక్కితే సగం ఆగుతుంది. తడి రోడ్డు మీద ఈ 'సగం' చాలా విలువైంది. ఎందుకంటే ఒక్కసారిగా చక్రం బిగిసిపోతే సైకిల్ ఆగదు, జారుతుంది.

అన్నట్టు, కార్లలో ఆయిల్ బ్రేకులు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ ఆయిల్ ఏమిటో తెలుసా? ఆముదం, అందులో కలిపిన ఆల్కహాలు. పాలమూరు, రంగారెడ్డి, నల్గొండ చెలకల్లో పండే ఆముదాలు తలకు రాసుకోవడానికే పనికొస్తాయనుకున్న వాళ్లకు ఇది కొత్త కబురే. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆయిల్ బ్రేకులతో వచ్చింది. 1953లో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ లె మాన్స్ పందెం గెలిచింది. 1969లో హోండా సీబీ 750తో మోటారు సైకిల్ మీదికి డిస్కు ఎక్కింది. మన దగ్గర కుర్రకారు డిస్కు బ్రేకును నోరెళ్లబెట్టి చూసింది సీబీజెడ్, పల్సర్ల రోజుల్లో. సైకిల్ పందేల్లో మాత్రం పెద్ద గలాటాయే నడిచింది. గుంపులో పడిపోతే డిస్కు అంచు కోసేస్తుందన్న భయంతో 2016లో ప్రయోగాన్ని కొన్నాళ్లు ఆపేశారు. చివరికి 2018 జులై నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రోడ్డు పందేల్లో పూర్తిగా ఒప్పుకుంది.

ఇంతవరకూ చదివితే ఆయిల్ బ్రేకే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కంతా చెడిపోయిన రోజున వస్తుంది.

పంక్చర్ షాపు పరీక్ష

వైరు తెగిందనుకోండి. జన్వాడలోనో, శంకర్‌పల్లిలోనో ఏ సైకిల్ షాపు ముందు ఆపినా పావుగంట పని. వైరు ఖరీదు కొన్ని పదుల రూపాయలు. "జర్ర వదులైంది సార్, గుంజితే అయిపోతది" అని అక్కడున్న మనిషి పానా అందుకుంటాడు. సాగిన వైరును బిగించడానికి పిడి దగ్గర ఓ చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పడం పదేళ్ల పిల్లలకు కూడా నేర్పొచ్చు. ప్యాడు అరిగితే డిస్కు దగ్గరున్న మర తిప్పి దగ్గరకు జరపాలి. అది ఎవరికి వారే చేసుకోవాలి, తనంతట తాను జరగదు. చాలామంది సైకిళ్లలో బ్రేకు పడకపోవడానికి కారణం ఇదే. బ్రేకు చెడలేదు. జరపలేదు, అంతే.

అదే షాపుకు ఆయిల్ బ్రేకు కారుతున్న సైకిల్ తీసుకెళితే? నిజాయతీపరుడైతే "ఇది మా తోని గాదన్నా, సిటీకి తీస్కపో" అంటాడు. అలా అనేవాడు దేవుడితో సమానం. ఎందుకంటే రెండో రకం మనిషి ఉత్సాహంగా పక్కనున్న బైకు మెకానిక్ దగ్గరికి వెళ్లి బ్రేకు ఆయిల్ సీసా పట్టుకొస్తాడు. ఆయిలే కదా, బైకుకు పోసేదే కదా అనుకుంటాడు. ఈ పొరపాటు దగ్గర కాసేపు ఆగాలి.

సైకిల్ బ్రేకుల్లో పోసే ద్రవాలు రెండు కులాలు. ఒకటి కార్లకూ బైకులకూ వాడే డాట్ రకం. రెండోది మినరల్ ఆయిల్. షిమానో, టెక్ట్రో, మగురా బ్రేకులకు మినరల్ ఆయిలే పొయ్యాలి. అఫీసు దారుల్లో తిరిగే సైకిళ్లలో ఎక్కువగా కనిపించేవి షిమానో, టెక్ట్రో బ్రేకులే. లోపల ఉన్న రబ్బరు వాచర్లు ఆ నూనెకు తగినట్టు చేసినవి. అందులో డాట్ ఆయిల్ పోస్తే రబ్బరు పాడవుతుంది. పోసిన రోజు బ్రేకు భేషుగ్గా పడొచ్చు. పిస్టన్ ఇరుక్కోవడం, కారడం తర్వాత మొదలవుతాయి. అప్పటికి పోసినవాడికీ పోయించుకున్నవాడికీ ఆ సంగతే గుర్తుండదు. అందుకే పిడి మూత మీద ఏం రాసి ఉందో కొన్నరోజే చదివి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది.

డాట్ ఆయిల్‌కు ఇంకో గుణం ఉంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరిగే వేడి కనీసం 230 డిగ్రీలుండాలి. తేమ చేరాక అది 155 దాకా పడిపోవచ్చు. మినరల్ ఆయిల్ నీటిని పీల్చదు. నీళ్లు చేరితే మాత్రం కలవకుండా కిందికి, సరిగ్గా వేడెక్కే చోటికే చేరతాయి. ఆఫీసు దారిలో బ్రేకు ఆయిల్ మరిగేంత వేడి ఎప్పుడూ పుట్టదు. ఆదివారం పూట అనంతగిరి కొండలకు పోయి వికారాబాద్ వైపు ఘాటు దిగేవాళ్లు, తిరుమల, శ్రీశైలం ఘాట్లలో తొక్కేవాళ్లు ఈ లెక్క మనసులో పెట్టుకోవాలి. ఏ ద్రవమైనా గొట్టంలో గాలి బుడగ చేరిందంటే పిడి మెత్తగా, స్పాంజి నొక్కినట్టుంటుంది. నూనె నలగదు, గాలి నలుగుతుంది. ఆ బుడగను బయటికి తీసే పనికి సిరంజి, గొట్టాలు, ఓపిక, కాస్త అనుభవం కావాలి. నేర్చుకుంటే ఇంట్లో చేసుకోలేని పని కాదు గానీ, సోమవారం ఉదయం ఆఫీసు గంటకు ముందు చేసే పని మాత్రం కాదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. సరిగ్గా బిగించిన ఆయిల్ బ్రేకు ఇంత తరచుగా చెడదు. ప్యాడు అరిగేకొద్దీ పిస్టన్ తనే ముందుకు జరిగి ఖాళీ పూడుస్తుంది. మర తిప్పే పని లేదు. మూసిన గొట్టం కాబట్టి మోకిల ఎర్రమట్టి, శంకర్‌పల్లి నల్లరేగడి లోపలికి పోవు. వైరు అలా కాదు. వానాకాలం రెండు నెలలు ఆరుబయట పెడితే తొడుగులో నీళ్లు చేరి, మట్టి చేరి, తుప్పు చేరి, పిడి నొక్కడానికి రెండు చేతులు కావాల్సి వస్తుంది. వెనక బ్రేకు వైరు మరీ పొడవు, వంపులెక్కువ కాబట్టి అది ముందే మొరాయిస్తుంది. వాన రోజుల తర్వాత వైరూ తొడుగూ కలిపి మార్చేయడం ఒక అలవాటుగా పెట్టుకుంటే వైరు బ్రేకు కూడా నమ్మకంగా పనిచేస్తుంది.

పిల్లల సైకిల్ దగ్గర

ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. పదివేల అటూ ఇటూ ధరలో లావు టైర్లు, రెండు చక్రాలకూ డిస్కులు, ముందు స్ప్రింగు ఫోర్కు ఉన్న సైకిళ్లు దుకాణం ముందు వరసగా నిలబడి ఉంటాయి. పిల్లవాడు అదే కావాలంటాడు. "డిస్కు బ్రేకు సార్, గట్టిగా ఉంటది" అంటాడు అమ్మేవాడు. తీరా చూస్తే ఒంటి ప్యాడు కదిలే రకం, సన్నటి వైరు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి బిగింపే. పదకొండేళ్ల పిల్ల వేళ్లు పిడి చుట్టూ చేరవు, చేరినా నొక్కే బలం చాలదు. ఆ డబ్బుకు మంచి అల్యూమినియం రింగులు, రెండు చేతులతో రింగును పట్టే వి బ్రేకులున్న తేలికపాటి సైకిల్ వస్తే అది చాలా మేలు. చెడ్డ డిస్కు కంటే మంచి రబ్బరు బ్రేకు నయం. డిస్కు అన్నది అలంకారం కాదు.

పిల్లలున్న ఇంట్లో ఇంకో రెండు సంగతులు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి చక్రం గిరగిరా తిప్పే ఆట పిల్లలందరికీ ఇష్టం. తిరిగే డిస్కు చిల్లుల్లో వేలు పడితే ఊహించుకోవడానికే భయమేస్తుంది. డిస్కు ఉన్న సైకిల్‌తో ఆ ఆట వద్దని గట్టిగా చెప్పాలి. రెండోది, కారు డిక్కీలో సైకిల్ పెట్టి సైకిల్ బాట దాకా తీసుకెళ్లే కుటుంబాలకు. చక్రం తీశాక ఆయిల్ బ్రేకు పిడిని ఎవరూ నొక్కకూడదు. నొక్కితే మధ్యలో డిస్కు లేదు కాబట్టి రెండు ప్యాడ్లూ ఒకదాన్నొకటి అంటుకుని కూర్చుంటాయి. బాట దగ్గర చక్రం తిరిగి ఎక్కదు. వెనక సీట్లో కూర్చున్న పిల్లవాడికి ఆ పిడిని ఊరికే నొక్కుతూ ఉండటమే పని. చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చి పెడితే ఈ తలనొప్పి ఉండదు.

నూనె గొడవ

డిస్కు సైకిల్ ఇంటికొచ్చాక మనవాళ్లు చేసే మొదటి సేవ నూనె పెట్టడం. చైనుకు పెడుతూ పెడుతూ ఆ చేత్తోనే డిస్కుకూ రెండు చుక్కలు, కీచుమని చప్పుడు చేస్తోంది కదా అని. కుట్టుమిషన్ నూనె అయినా, స్ప్రే డబ్బా అయినా డిస్కు మీద పడిందంటే ప్యాడ్లు దాన్ని పీల్చేసుకుంటాయి. ఆ తర్వాత బ్రేకు పడదు, పైగా ఊరంతా వినపడేలా అరుస్తుంది. డిస్కును మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు. నూనె బాగా తాగిన ప్యాడ్లను మాత్రం మార్చడమే ఉత్తమం. వైరు బ్రేకుకైనా, ఆయిల్ బ్రేకుకైనా ఈ నియమం ఒకటే. అసలు వేళ్లతో డిస్కును ముట్టుకోకపోవడమే మంచిది. చేతి జిడ్డు అంటుతుంది. అప్పుడే ఆగిన సైకిలైతే చెయ్యి కాలుతుంది కూడా.

కొత్త ప్యాడ్లకు అరుగుడు కావాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళుతూ, ఒక్కో బ్రేకును విడివిడిగా, చక్రం బిగిసిపోకుండా నెమ్మదిగా నొక్కుతూ దాదాపు ఆగేదాకా రావాలి. పూర్తిగా ఆగకుండా మళ్లీ వేగం అందుకోవాలి. ఇలా ఇరవైసార్లు. అప్పుడు ప్యాడు పొడి పళ్లేనికి సమానంగా పట్టుకుని అసలు బలం బయటపడుతుంది. కొన్న మర్నాడే 'డిస్కు బ్రేకు దండగ' అని పెదవి విరిచేవాళ్లలో చాలామంది ఈ పని చేయని వాళ్లే.

ప్యాడు మీది పదార్థం ఒక మిల్లీమీటరు దిగువకు వస్తే మార్చడానికి వేళైనట్టు. కొత్త డిస్కు మందం మామూలుగా 1.8 మిల్లీమీటర్లు. అరిగి 1.5కు వస్తే అదీ మార్చాలి. చవక డిస్కుల మీద కొన్నిసార్లు 'రెసిన్ ప్యాడు మాత్రమే' అని చెక్కి ఉంటుంది. దానికి లోహపు ప్యాడు వేస్తే ఎక్కువ రోజులు మన్నుతుందని ఎవరైనా చెబితే వినకండి. ప్యాడు మన్నుతుంది, డిస్కు అరిగిపోతుంది.

మరి ఏది కొనాలి?

ఉన్న పాత సైకిల్‌కు డిస్కు తగిలించొచ్చా అని కొందరు అడుగుతారు. ఫ్రేముకూ ఫోర్కుకూ బ్రేకు బిగించే చెవులుండాలి, హబ్బుకు డిస్కు పట్టే చోటుండాలి. అవి లేకపోతే ఖర్చు సైకిల్ ధరను మించిపోతుంది. ఆ ఆలోచన మానుకుని మంచి బ్రేకు రబ్బర్లు వేయించుకోవడం మేలు. ఇప్పటికే వైరు డిస్కు ఉన్న సైకిల్‌కు ఆయిల్ బ్రేకు వేయించుకోవడం మాత్రం సాధ్యమే. పిడి, గొట్టం, డిస్కును పట్టే భాగం, మూడూ కలిపి మారతాయి. డిస్కు అదే ఉంటుంది.

కొత్తగా కొనేవాళ్ల సంగతికి వస్తే, మోకిల నుంచి రోజూ నార్సింగి, నానక్‌రాంగూడ వైపు ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లి వచ్చేవాళ్లు, వానకూ ఆగనివాళ్లు ఆయిల్ బ్రేకుకే ఓటెయ్యాలి. మామూలుగా పాతిక వేలు దాటితేగానీ ఆ సైకిళ్లు కనపడవు. అయినా అందులో గేర్లకు పెట్టే డబ్బు తగ్గించి బ్రేకుకు పెట్టడమే తెలివి. వాళ్లు రోజూ నగరంలోకి వెళతారు కాబట్టి తెలిసిన షాపు దారిలోనే ఉంటుంది. చేతివేళ్ల కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకూ, పట్టు తక్కువున్న వాళ్లకూ ఇదే సుఖం. బ్యాటరీ సైకిల్ తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. మన దేశంలో రిజిస్ట్రేషన్ అక్కర్లేని రకం 250 వాట్ల మోటారుతో గంటకు 25 కిలోమీటర్ల దాకా లాగుతుంది. సైకిల్ బరువెక్కువ, వేగం తగ్గదు. వాటి బ్రేకు పిడిలో సాధారణంగా చిన్న స్విచ్చి ఉండి, నొక్కగానే మోటారుకు కరెంటు ఆపేస్తుంది. బ్రేకు మార్పించినప్పుడు ఆ స్విచ్చి తీగ కలిపారో లేదో చూసుకోకపోతే, ఒక చేత్తో ఆపుతూ మరో చేత్తో తోసినట్టే.

ఊళ్లోనే కూరగాయలకూ, కాలేజీకీ, పొలానికీ తిరిగేవాళ్లు, దొంతాన్‌పల్లి కాలేజీ పిల్లల్లా హాస్టల్ ముందు ఎండలో వానలో సైకిల్ వదిలేసేవాళ్లు, ఊరు దాటి దూరప్రయాణాలు చేసేవాళ్లు రెండు ప్యాడ్లూ కదిలే మంచి వైరు డిస్కు తీసుకోవచ్చు. సంచిలో ఒక వైరు చుట్ట, ఒక పానా ఉంటే ఏ ఊళ్లో ఆగినా భయం లేదు. ఆయిల్ గొట్టం తెగితే అలా కుదరదు.

ఏది తీసుకున్నా షాపులోనే చూసుకోవాల్సిన పని ఒకటుంది. ఏ చేతి పిడి ఏ చక్రానిది? కొన్ని సైకిళ్లలో కుడిచేతిది ముందు బ్రేకు, కొన్నింటిలో ఎడమచేతిది. బైకు అలవాటున్న మనిషి కుడిచెయ్యే ముందు బ్రేకనుకుంటాడు. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని భయపడి వెనక బ్రేకు ఒక్కటే వాడేవాళ్లు మనలో ఎందరో. నిజానికి ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వచ్చి వెనక చక్రం తేలికవుతుంది, అది ఊరికే జారుతుంది. ఒళ్లు కాస్త వెనక్కి జరిపి, చేతులు బిగించి, రెండూ కలిపి, ముందుది కాస్త ఎక్కువగా, క్రమంగా నొక్కడం ఖాళీ స్థలంలో పదిసార్లు చేసి చూసుకోవాలి. ఆయిల్ బ్రేకుకు మారినవాళ్లు మొదటి వారం ఒక్క వేలే వాడాలి. పాత అలవాటు కొద్దీ నాలుగు వేళ్లూ బిగిస్తే మోకిల చౌరస్తాలో అందరి ముందూ ముందుకు పడాల్సి వస్తుంది.

ఇక రోజూ పొద్దున గేటు దగ్గర పది సెకన్ల పని. సైకిల్ ఎక్కకముందే ముందు బ్రేకు నొక్కి ముందుకు తోయండి. వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు నొక్కి తోయండి. చక్రం తిరగకుండా ఈడ్చుకుపోవాలి. పిడి హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోందంటే ఆ రోజుకు బస్సెక్కండి.